వాన చేనుకు నెలవాయిదా

నేను బ్యాంకులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఆఖరి పదేళ్లూ విద్యారుణాలు చూసేవాణ్ని. సాయంత్రం ఆరు దాటితే మా ఊరి నాటక సమాజం రిహార్సల్‌లో ఉండేవాణ్ని. పరిషత్తు పోటీలకు వెళ్లి రాత్రంతా నాటకం ఆడి, చెవుల వెనక రంగు ఇంకా వదలకుండానే మర్నాడు పది గంటలకు సీట్లో కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. అందువల్ల ఈవేళ నేను చెప్పబోయే విషయంలో అప్పు ఇచ్చేవాడి బాధా తెలుసు, నాటకం ఆడేవాడి బాధా తెలుసు. విషయం ఇదీ: నాటకం చదువుకోవడానికి అప్పు చేయవచ్చా? చేస్తే ఎంత చేయవచ్చు?

ఒక వేసవి మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు వచ్చారు. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం వాళ్లు. అమ్మాయి బీకాం పూర్తిచేసింది. కాలేజీలో మూడేళ్లూ నాటకాలాడింది. విదేశంలో ఒక నాటక విద్యాలయంలో రెండేళ్ల పైచదువుకు సీటొచ్చింది. ఫీజు, ఇంటద్దె, తిండి, విమానం అన్నీ కలిపి 40 లక్షలు. తండ్రి గుడ్డసంచిలోంచి పట్టాదారు పాస్‌బుక్ తీసి బల్ల మీద పెట్టారు.

“సార్, అందరి పిల్లలూ కంప్యూటర్లంటే మా పిల్ల నాటకం అంటోంది. మీరూ నాటకాలాడతారని విని మీ దగ్గరికే వచ్చామండీ. ఈ చదువు కూడు పెడుతుందా?”

దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: చదువు పూర్తయ్యాక వస్తుందనుకుంటున్న ఆదాయం. ఇంజనీరింగు పిల్లలు దాన్ని రెండు సెకన్లలో నింపేస్తారు. ఈ అమ్మాయి పేజీలన్నీ గుండ్రటి అక్షరాలతో నింపుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోయింది. పెన్ను కాగితానికి ఆనించి తీసేసింది. కాగితం మీద చిన్న సిరా చుక్క మాత్రం పడింది.

నేను ఆ దరఖాస్తు తిరగేసి, వెనకవైపు పన్నెండు గడులు గీశాను. పన్నెండు నెలలు. “అమ్మా, మన ఊళ్లలో నాటకం ఎప్పుడెప్పుడు ఆడతారో చెప్పు” అన్నాను. సంక్రాంతికి అంది. శివరాత్రికి జాగారం నాటకం. శ్రీరామనవమి పందిళ్లు. వేసవిలో పరిషత్తులు. దసరా నవరాత్రులు. ఆ గడుల్లో టిక్కులు పెట్టింది. ఆషాఢం దగ్గర ఏమీ పెట్టలేదు. తొలకరి పడితే పల్లెటూళ్లో ఎవరికీ నాటకం మీద ధ్యాస ఉండదు. ధనుర్మాసం సంక్రాంతి దాకా ఖాళీ. అయిదు గడులు నిండాయి, ఏడు మిగిలాయి. “నువ్వు వెళ్లే దేశంలో పండగలు వేరు, నెలలు వేరు. కానీ అక్కడా నటులకు ఒక నాటకం కొన్ని వారాలాడుతుంది, అది అయ్యాక మళ్లీ ఆడిషన్ల చుట్టూ తిరగాలి. ఖాళీ గడులు అక్కడా ఉంటాయి” అన్నాను.

ఆ గడుల కింద ఇంకో వరస రాశాను. 40 లక్షలకు 11 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు 45,000 పైచిలుకు వాయిదా. చదువుకునే కాలానికీ, ఆ తర్వాత ఒక ఏడాదికీ వాయిదా అడగరు. కానీ ఆ కాలమంతా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అది కలిపితే వాయిదా ఇంకా ఎక్కువవుతుంది. ఈ వరసలో పన్నెండు గడులూ నిండాయి. ఒక్కటీ ఖాళీ లేదు.

తండ్రి రెండు వరసల్నీ చాలాసేపు చూశారు. ఆయనకు రెండెకరాల మెట్ట చేను ఉంది. కంది, సజ్జ వేస్తారు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “అంటే వానకు పండే చేనుకు నెలవాయిదా కట్టమన్నట్టే కదండీ. పంట అప్పయితే మీరే కోతలయ్యాక కట్టించుకుంటారు. దీనికి అదీ లేదు.”

ముప్పై ఏళ్లు బ్యాంకులో ఉండి నేను ఇంత సూటిగా చెప్పలేకపోయాను. పంట అప్పుకు గడువు పెట్టేటప్పుడు ఏ పంట, ఎప్పుడు కోతకొస్తుంది, ఎప్పుడు అమ్ముడవుతుంది అని చూస్తాం. కరువొస్తే గడువు పొడిగిస్తాం. సంపాదన ఎలా వస్తుందో దాన్నిబట్టి అప్పు తీర్చే పద్ధతి పెట్టడం మాకు చేతకాని విద్యేం కాదు. విద్యారుణం దగ్గరికొచ్చేసరికి మాత్రం నెలనెలా జీతం వచ్చే ఉద్యోగిని మనసులో పెట్టుకుని లెక్క వేస్తాం. నాటకం చదివిన పిల్లకు సంపాదన ఉండదని నేననను. ఉంటుంది. కాకపోతే అది జీతంలా నెలనెలా రాదు, పంటలా వస్తుంది.

ఈ ఇబ్బంది డబ్బున్న దేశాలకు కూడా తప్పలేదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం సంగతి చెప్తాను. అక్కడ అమెరికన్ రెపర్టరీ థియేటర్ అని పేరున్న నాటకశాల ఉంది. దానికి అనుబంధంగా 1987లో ఒక శిక్షణ సంస్థ పెట్టారు. రెండేళ్ల చదువు. మాస్కో ఆర్ట్ థియేటర్ వాళ్ల పాఠశాలతో పొత్తు. రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నడిపిన నాటకశాల అది. పిల్లలు కొంతకాలం మాస్కో వెళ్లి నేర్చుకుని వచ్చేవారు. అంతకన్నా మంచి చదువు ఎక్కడుంటుంది?

2017 జనవరిలో అమెరికా విద్యాశాఖ ఒక జాబితా బయటపెట్టింది. చదువు కోసం పిల్లలు చేసిన అప్పు ఒక పక్క, ఆ చదువు వల్ల వచ్చిన సంపాదన ఇంకో పక్క పెట్టి తూచి, అప్పు మరీ బరువైన కోర్సుల పేర్లు ప్రకటించింది. డబ్బు గుంజుకుని పనికిరాని సర్టిఫికెట్లు చేతిలో పెట్టే ప్రైవేటు కాలేజీల పని పట్టడానికి ముఖ్యంగా ఆ నిబంధన తెచ్చారు. ఆ జాబితాలో హార్వర్డ్ నాటక శిక్షణ సంస్థ పేరు కనిపించింది.

ఆ లెక్క విప్పి చూద్దాం. చదువు పూర్తిచేసిన వాళ్ల మధ్యస్థ అప్పు 78,000 డాలర్లు. సంపాదన ఏడాదికి సుమారు 36,000 డాలర్లు. అందులోంచి మనిషి బతకడానికి కనీసం ఇంత కావాలని ఒక మొత్తం తీసేస్తారు. అక్కడి పేదరికపు గీతకు ఒకటిన్నర రెట్లు, అప్పటి లెక్కన 17,500 డాలర్ల పైచిలుకు. మిగిలేది 18,000 చిల్లర. ఆ మిగిలినదాంట్లో 44 శాతం అప్పు వాయిదాలకే పోతోందని తేలింది. ఏడాదికి 8,000 డాలర్లు, నెలకు 670 అనుకోండి. ఆ నిబంధన ప్రకారం 20 శాతం లోపుంటే గట్టెక్కినట్టు. 30 దాటితే తప్పినట్టు. మూడేళ్లపాటు కొత్త విద్యార్థులను చేర్చుకోబోమని ఆ సంస్థ ప్రకటించింది.

ఆ రోజుల్లో హార్వర్డ్ మూలధన నిధి 3,500 కోట్ల డాలర్లకు పైనే. ఏడాదికి పాతికమందో లోపో చేరే కోర్సు అది. ఆ నిధిమీద వచ్చే రాబడిలో ఓ చిటికెడు చాలదా ఆ పాతికమందికి? నాకు ఈ సంగతి చదివినప్పుడు కలిగిన బాధ ఇదే. తూనికలో తప్పు నాటకానిదని తేల్చేశారు. ఫీజెంత, ఆ ఫీజు ఎవరు కట్టాలి అన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ లెక్క చదువైన కొద్ది ఏళ్లకే తీసింది. నటుడికి చేయి తిరగడానికి పదేళ్లు పడుతుంది. మామిడి మొక్క నాటి మూడో ఏట కాపు లెక్క చూస్తే అది దండగమారి తోటే అవుతుంది. అయితే అప్పిచ్చినవాడు ఆ పదేళ్లు ఆగడు కదా. అందుకని ఆ లెక్క నటుడి గొప్పతనం గురించి చెప్పింది తక్కువే. నటుడి మొదటి ఏళ్ల గురించి మాత్రం నిజమే చెప్పింది.

అసలు నాటకంలో సంపాదన ఎందుకు తక్కువ? ప్రేక్షకులు పాడైపోయారని, టీవీ వచ్చిందని, సెల్‌ఫోన్ వచ్చిందని మనవాళ్లు అంటారు. వాటికన్నా లోతైన కారణం ఒకటుంది. దాన్ని 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ఒక పెద్ద గ్రంథంలో చూపించారు. వాళ్ల మాటను మన హరిశ్చంద్ర మీద పెట్టి చెప్తాను.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో కాటిసీను తీసుకోండి. మా తాతల రోజుల్లో దానికి ఒక హరిశ్చంద్రుడు కావాలి, ఒక చంద్రమతి కావాలి, హార్మోనియం, తబలా కావాలి, దగ్గర దగ్గర గంట పట్టేది. ఇవాళా అంతే. అర నిమిషంలో పద్యం పాడే యంత్రం పెట్టి హరిశ్చంద్రుణ్ని తగ్గించలేరు. ఇద్దరి పని ఒకరితో చేయించలేరు. అదే కాలంలో బట్టల మిల్లులో ఒక మనిషి నేసే గజాలు ఎన్నో రెట్లు పెరిగాయి. అక్కడ పని పెరిగింది గనక కూలీ పెరిగింది, బట్ట ధరా అందుబాటులో ఉంది. నాటకంలో పని అంతే ఉంది, బియ్యం ధర మాత్రం నటుడికీ ఒకటే. నటుడికి బతికేంత ఇవ్వాలంటే టికెట్టు ధర ఆకాశానికి పోవాలి. టికెట్టు అందుబాటులో ఉండాలంటే నటుడు సగం కడుపుతో ఉండాలి. ఈ ఎడం పూడ్చడానికి రాజులో, జమీందార్లో, ప్రభుత్వాలో, దాతలో ఎవరో ఒకరు చేయి వేస్తూనే వచ్చారు. చేయి వేసేవాడు లేనప్పుడు ఆ భారం మోసింది నటుడి ఇల్లు.

మన తెలుగు నాటకం చూడండి. బళ్లారి రాఘవ గారు కోర్టులో పేరుమోసిన వకీలు. ఆ ప్లీడరీ సంపాదనతోనే ఆయన రంగస్థలం మీద తాను అనుకున్నట్టు నటించగలిగారు. గరికపాటి రాజారావు గారు వైద్యులు. ప్రజానాట్యమండలిని నడిపించిన చెయ్యి రోగుల నాడి చూసిన చెయ్యే. మా పరిషత్తు రోజుల్లో ఏ సమాజం చూసినా టీచర్లు, బ్యాంకువాళ్లు, ఎల్‌ఐసీ వాళ్లు, రైల్వేవాళ్లు. మా జీతాలే మా నాటకాలకు పెట్టుబడి. ఎవరికీ నాటకం డిగ్రీ లేదు, నాటకం పేరున అప్పూ లేదు. మరి దానికీ ఒక ఖరీదు కట్టాం. రోజుకు ఎనిమిది గంటలు ఇంకో పనికి ఇచ్చేసి, మిగిలిన ఓపికతో రాత్రి నటించాం. ఆ ఎనిమిది గంటలూ గొంతు మీద, దేహం మీద పెట్టి ఉంటే ఎలాంటి నటులమయ్యేవాళ్లమో మాలో చాలామందికి తెలియకుండానే వయసు అయిపోయింది.

ఇక సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ ఆడింది. అక్కణ్నుంచి తరతరాలుగా ఆ కుటుంబాలకు నాటకమే ఇల్లు. అక్కడ పుట్టడమే అడ్మిషన్. ఊయలలో ఉండగానే కృష్ణుడి వేషం. తెర లాగడం, దీపాలు పెట్టడం, మేకప్, పాట, మాట అన్నీ వాళ్ల పిల్లలకు ఆటలోనే వచ్చేస్తాయి. ఇంత పకడ్బందీ శిక్షణకు ఫీజు లేదు, వాయిదా లేదు. కానీ ఆ కుటుంబంలో పుట్టని పిల్లకు ఆ తలుపు ఎక్కడుంది? దానికోసమే విశ్వవిద్యాలయాలు కావాలి. మా ప్రకాశం జిల్లా అమ్మాయికి కావలసింది ఆ తలుపే.

ఆ తలుపును ఎవరి ఇంటి మీదా అప్పు వేయకుండా తెరవవచ్చని మన దేశమే చూపించింది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో పుట్టింది. మూడేళ్ల శిక్షణ. చదివే పిల్లలకు నెలనెలా విద్యార్థి వేతనం ఇస్తారు. అప్పు మాట అటుంచండి, చదువుకుంటున్నందుకు చేతిలో నాలుగు రూపాయలు పెడతారు. ఇబ్రహీం అల్కాజీ, బి.వి. కారంత్ లాంటివాళ్లు నడిపిన బడి అది. ఆ కారంత్ గారే తర్వాత మన సురభి వాళ్లతో నాటకాలు చేయించారు. దేశం మొత్తానికి ఉన్నవి కొద్ది పదుల సీట్లు, అదొక్కటే చిక్కు. మనకు దగ్గర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. డిగ్రీ అయినవాళ్లకు రెండేళ్ల ఎంపీఏ, అంటే ప్రదర్శన కళల్లో పీజీ. ప్రభుత్వ ఫీజు. విదేశంలో అయ్యే ఖర్చుకు దీనికీ పోలికే లేదు.

అమెరికాలోనూ ఒకరు ఆ దారి పట్టారు. 2021లో యేల్ విశ్వవిద్యాలయపు డ్రామా స్కూలుకు డేవిడ్ గెఫెన్ ఫౌండేషన్ 15 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ ఆగస్టు నుంచి అక్కడ ఎవరికీ ట్యూషన్ ఫీజు లేదు. మెరిల్ స్ట్రీప్ చదివిన బడి. ఫీజు తీసేసిన రోజున ఆ చదువు తగ్గిపోలేదు, నటుల సంపాదనా పెరిగిపోలేదు. తక్కెడలో అప్పు వైపు ఉన్న రాయి తీసేశారు, అంతే.

అందరికీ దాత దొరకడు. ఇంగ్లండులో ఇంకో పద్ధతి ఉంది. అక్కడి పిల్లలు డిగ్రీ ఫీజుకు ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకుంటారు. 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్లయితే, ఏడాదికి 25,000 పౌండ్లు దాటి సంపాదించినప్పుడే, ఆ దాటిన దాంట్లో 9 శాతం కడతారు. ఆడిషన్లలో తిరుగుతూ ఏమీ సంపాదించని ఏడాదిలో ఏమీ కట్టక్కర్లేదు. 40 ఏళ్లకు మిగిలినది రద్దు. దాంట్లో లోపాలు లేవనను. వడ్డీ గురించి, గడువు గురించి అక్కడ పెద్ద గొడవలే ఉన్నాయి. కానీ ఆ పద్ధతి ఆ అమ్మాయి తండ్రి చెప్పిన పంట అప్పే. పండితే కట్టు, ఎండితే ఆగు.

ఇక్కడ మన తల్లిదండ్రులు జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటి చెప్తాను. ఆ సౌకర్యం ఆ దేశం పిల్లలకు. మన పిల్ల అక్కడికి వెళ్తే విదేశీ విద్యార్థి. ఫీజు వాళ్లకన్నా బాగా ఎక్కువ. అప్పు మాత్రం మన బ్యాంకుది, మన వడ్డీకి, మన నెలవాయిదాతో, మన చేను తనఖా మీద. పక్కసీటులో కూర్చున్న ఇంగ్లండు పిల్ల చేసేదీ అదే నటన, నేర్చుకునేదీ అదే పాఠం. చదువైన మర్నాడు ఆ పిల్ల చిన్న నాటక సమాజంలో తక్కువ డబ్బుకు చేరి పని నేర్చుకోగలదు. మన పిల్ల ఏ హోటల్లోనో, గోదాములోనో పని వెతుక్కోవాలి. వీసా గడువు వేరే. చదివిన చదువు చేతిలో ఉండగానే రంగస్థలానికి దూరమవుతుంది. నాటకం చదువుకు చేసిన అప్పు నాటకం నుంచే తరిమేస్తుంది. నేను భయపడేది దీనికి.

అమెరికా ఇప్పుడు అప్పునే బిగించింది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై నుంచి పైచదువులకు కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ప్రభుత్వ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు మించదు. డాక్టర్లు, లాయర్ల చదువుల్లాంటివాటికి పరిమితి వేరు. సంపాదన మరీ తక్కువగా తేలిన కోర్సులకు ప్రభుత్వ రుణాలే ఆగిపోతాయి. లేత వయసులో లక్ష డాలర్ల అప్పులో మునగకుండా ఆపడం మంచిదే. కానీ అప్పు ఆపినవాళ్లు ఫీజు తగ్గించే ఏర్పాటు చేయకపోతే, రేపు నాటకం చదివేది తండ్రి జేబు నిండుగా ఉన్నవాళ్ల పిల్లలే. రైతుగా, కూలీగా, కాటికాపరిగా నటించేవాళ్లందరూ ఆ ఇళ్ల నుంచే రావలసి వస్తుంది.

అందుకని ఇంట్లో పిల్లో పిల్లాడో నాటకం చదువుతానంటే, దయచేసి నవ్వేసి తీసిపారేయకండి. కూర్చుని పన్నెండు గడులు గీయండి. సంపాదన బాగా వచ్చే నెల చూసి అప్పు నిర్ణయించకండి. వట్టి నెల చూసి నిర్ణయించండి. ఆ నెలలో కూడా, ట్యూషన్ చెప్పో, డబ్బింగు చెప్పో, బడిలో పిల్లలకు నాటకం నేర్పో కట్టగలిగినంత వాయిదా ఎంతో అంతకే అప్పు చేయండి. చాలామందికి అది నెలకు అయిదారు వేలకు మించదని నా అనుభవం. లైటింగు, సౌండు, రంగాలంకరణ నేర్చిన పిల్లలకు పని కాస్త నిలకడగా దొరుకుతుంది. నటన మీదే మనసున్నా అందులో ఒకటి చేతపట్టమని చెప్పండి. నటన నేర్పుతామని లక్షలు అడిగే ప్రైవేటు శిక్షణ కేంద్రానికి వెళ్తే, కిందటేడు చదివిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో వాళ్ల నోటనే వినండి. గోడ మీద ఫొటోలు చూసి సంతకం పెట్టకండి.

ఇంకో మాట మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు, విశ్వవిద్యాలయాలకు. రంగస్థల శాఖల్లో చేరే ప్రతి విద్యార్థికీ వేతనం ఇవ్వండి. వాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. ప్రతి జిల్లాలో కొన్ని బడుల్లోనైనా నాటకం నేర్పే ఉద్యోగం ఒకటి సృష్టించండి. సంగీతానికి, డ్రాయింగుకు ఉపాధ్యాయులుండాలని ఒప్పుకున్న మనం, మాటను స్పష్టంగా పలకడం, నలుగురిలో నిలబడటం నేర్పే నాటకానికి ఎందుకు ఒప్పుకోం? ఆ ఒక్క ఉద్యోగం ఖాళీ గడులు ఏడింటినీ నింపుతుంది.

ఆ మధ్యాహ్నం సంగతి పూర్తిచేస్తాను. 40 లక్షల దరఖాస్తు నేను తిరస్కరించలేదు. ఇద్దరూ ఆలోచించుకుని రండి, సంతకం మీ ఇష్టం అన్నాను. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడవలేదు. తండ్రి పట్టాదారు పాస్‌బుక్ మళ్లీ గుడ్డసంచిలో పెట్టి, సంచి మూతి ముడేశారు. నేను గీసిన పన్నెండు గడుల కాగితం మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. లేవబోతూ కూతురి వైపు తిరిగి, “హైదరాబాదులో నాటకం చదువు ఉందంటున్నారే, దానికి పరీక్ష ఎప్పుడమ్మా?” అని అడిగారు.

ఆ అమ్మాయి ఫోన్ తీసి చూడలేదు. నన్ను అడగలేదు. తారీఖు, వారం, పరీక్ష టైము గడగడా చెప్పేసింది.